మేజరు గారి ఇల్లరికం

నేను ఒక ఫీల్డ్ టెలిఫోన్‌ని. ఆకుపచ్చ రంగు ఒళ్లు, పక్కన తిప్పే పిడి, పైన ఒక రిసీవరు, వెనక రెండు మరలు. ఆ మరలకు రెండు తీగలు బిగించి, అవతలి కొసన నాలాంటి దాన్నే ఇంకొకదాన్ని పెట్టి, నా పిడి గిరగిరా తిప్పితే అక్కడ గంట మోగుతుంది. నాకు డయలు లేదు, నంబర్లు లేవు. లోకం మొత్తంలో నేను మాట్లాడగలిగేది ఆ ఒక్క కవలతోనే. అందుకే కాబోలు, మనుషుల గురించి నాకు ఇంత ఆసక్తి. వాళ్లకు ఎంతమందితోనైనా మాట్లాడే వీలుంది. అయినా చెప్పాల్సిన మనిషికి చెప్పాల్సిన మాట చెప్పరు.

బెంగళూరులో ఒకే బల్ల మీద పుట్టాం మేమిద్దరం. పదకొండేళ్లు హిమాలయాల్లో ఒక బంకరులో పనిచేశాను. యుద్ధ రహస్యాలు ఎన్ని విన్నానో అని మీరు ఆశపడితే నిరాశ తప్పదు. నేను మోసిన మాటల్లో ముప్పాతిక వంతు బంగాళాదుంపల గురించి. మిగతావి ఉత్తరాలు ఎప్పుడొస్తాయని. శత్రువు కనబడ్డాడన్న కబురు ఒకే ఒక్కసారి మోశాను. తీరా చూస్తే అది తప్పిపోయిన కంచరగాడిద.

తర్వాత నాకు ఒళ్లంతా పగుళ్లొచ్చాయి. ముగ్గురు ఆఫీసర్లు నా చుట్టూ నిలబడి పనికిరానిదని రాసి సంతకాలు పెట్టారు. నన్నూ నా కవలనూ షిల్లాంగు డిపోలో తుక్కు కుప్పలో వేశారు. అక్కడ వేలంలో మమ్మల్ని కొన్నవాడు మేజర్ పొట్నూరు జోగారావు.

విజయనగరం మనిషి. ముప్పై ఎనిమిదేళ్లు. భార్య ఇందుమతి కామెర్లతో పోయి రెండేళ్లు. ఆరేళ్ల కూతురు వల్లరి. కంటోన్మెంటులో చెక్క నేల, రేకుల కప్పు ఉన్న ఇల్లు. ఆ ఇంటి వెనక వాలు కింద ఒక చిన్న గది. ఆ గదిలో ఉండేది వల్లరిని చూసుకునే బన్రిలాంగ్.

బన్రి ఖాసీ అమ్మాయి. ముప్పై నిండలేదు. అంతకుముందు ఒక బడిలో పసిపిల్లలకు అక్షరాలు నేర్పేది. వల్లరి ఆమెను 'కాంగ్' అని పిలిచేది. ఖాసీలు అక్కను అలా పిలుస్తారు. బజారులో కూరగాయలమ్మే ఆవిడనైనా మర్యాదగా అలాగే అంటారు. వల్లరి దగ్గర బన్రి తెలుగు నేర్చుకుంది. ఆరేళ్ల పిల్ల దగ్గర నేర్చుకున్న తెలుగు ఎలా ఉంటుందో అలాగే ఉండేది. అందరినీ 'నువ్వు' అనేది.

షిల్లాంగు వాన రేకుల మీద పడుతుంటే పక్కనున్న మనిషి కేక కూడా వినబడదు. పిల్ల పిలిస్తే కింది గదికి ఎలా తెలుస్తుంది? అందుకే మేజరు మమ్మల్ని కొన్నాడు. నన్ను వల్లరి మంచం పక్కన పెట్టాడు, నా కవలను బన్రి గదిలో పెట్టాడు. మధ్యన నలభై గజాల తీగ.

"కాంగ్, పాలల్లో మీగడ ఉంది. ఓవర్," అనేది వల్లరి.

"మీగడ తీసేస్తాను. పాలు తాగుతావా? ఓవర్."

ఓవర్ అనడం వైర్‌లెస్ వాళ్ల అలవాటు. నాకు దాని అవసరం లేదు. రిసీవరు మధ్యలో ఉన్న మీట నొక్కి మాట్లాడితే చాలు. చెబితే ఎవరు వింటారు?

మొదటి ఏడాది మేజరు నన్ను ముట్టుకోలేదు. రెండో ఏడాది ఒక సాయంత్రం పిల్ల ఆడుకోవడానికి వెళ్లినప్పుడు వచ్చి, పిడి తిప్పి, "రేపు వాన పడుతుందా?" అని అడిగాడు.

"సర్, ఇది షిల్లాంగు," అంది బన్రి.

మర్నాడు గొడుగు ఎక్కడుందని అడిగాడు. ఆ మర్నాడు వల్లరికి కొత్త బూట్లు బిగుతా అని అడిగాడు. నాకు వింతగా తోచింది మాత్రం ఒకటుంది. పిడి తిప్పే ముందు ప్రతిసారీ అరచేత్తో జుట్టు సర్దుకునేవాడు. నాకు చెవి ఉంది, నోరుంది. కానీ నా తీగ రూపాన్ని మోయదు. నా అవతల ఉన్న మనిషికి ఆయన జుట్టు ఎలా కనబడుతుందనుకున్నాడో నాకు ఇప్పటికీ తెలీదు.

అప్పుడొచ్చింది ఆర్డరు. మూడు వారాల్లో సరిహద్దు మీద ఒక పోస్టుకు వెళ్లాలి. రెండేళ్లు. కుటుంబాలకు అనుమతి లేని చోటు. భార్య ఉంటే భార్యాపిల్లలు ఈ ఇంట్లోనే ఉండొచ్చు. ఆయాతో పిల్లను వదిలి వెళతానంటే నిబంధన ఒప్పుకోదు. కబురు విన్న వెంటనే ఇందుమతి తల్లి సీతారత్నం గారు ఉత్తరం రాసింది. 'పద్దెనిమిదో తారీఖుకి వస్తన్నాను బాబూ. పిల్లని నాతో పంపించీ.'

ఆ ఉత్తరం సంగతి తెలిసిన రోజు వల్లరి నా వెనక మరలు వదులు చేసి, తీగలు ఊడబీకి, నన్ను మంచం కిందికి తోసేసింది. చెడ్డ కబుర్లన్నీ టెలిఫోను లోంచే వస్తాయనుకుంది పాపం. మంచం కింద రెండు రోజులున్నాను. మూడో రోజు బన్రి వంగి చూసి, నన్ను బయటికి లాగి, తన శాలువా కొంగుతో దుమ్ము తుడిచి, తీగలు మళ్లీ బిగించింది. వల్లరిని ఏమీ అనలేదు.

ఇక మేజరు చేసిన పని చెప్పాలి. ఆర్మీ మనిషి తప్ప ఇంకెవరూ చెయ్యని పని. వాళ్లకు ఏ దండయాత్రకైనా ముందు ఒక కాగితం రాసే అలవాటుంది. లక్ష్యం ఏమిటి, పరిస్థితులేమిటి, ఏ ఏ దారులున్నాయి, ఒక్కో దారిలో లాభమెంత, నష్టమెంత, చివరికి సిఫార్సు. మేజరు అలాంటి కాగితం ఒకటి టైపు చేసి, పక్కన చిల్లు పొడిచి, దారం కట్టి, ఫైలులో పెట్టి బన్రి చేతికిచ్చి, సెల్యూట్ ఒక్కటే తక్కువగా ఆఫీసుకు వెళ్లిపోయాడు.

బన్రి వల్లరి మంచం మీద కూర్చుని పైకి చదువుకుంది. కాబట్టి నేనూ విన్నాను. లక్ష్యం: పిల్ల క్షేమం. దారి ఒకటి, హాస్టలు. దారి రెండు, అమ్మమ్మ. దారి మూడు, పిల్లను చూసుకుంటున్న ఆవిడతో వివాహం. దారి మూడులో లాభాలు: ఇల్లు నిలుస్తుంది. బడి మారదు. పిల్లకు అలవాటైన మనిషి. ఆవిడకు ఇంగ్లీషు వచ్చు. నష్టాలు: ఇరువైపులా బంధువుల అభ్యంతరం. సిఫార్సు: దారి మూడు.

ఆమె ఏడుస్తుందేమోనని చూశాను. ఏడవలేదు. బడిలో పనిచేసినప్పటి ఎర్ర పెన్సిలు తెచ్చుకుని మార్కులు వేసింది. తన గదికి వెళ్లిపోయి, మేజరు ఇంటికొచ్చిన చప్పుడు వినగానే నా గంట మోగించింది. మేజరు జుట్టు సర్దుకుని రిసీవరు ఎత్తాడు.

"సర్, పదికి నాలుగు."

"ఏమిటి?"

"నీ కాగితానికి మార్కులు. సమాచారం సేకరించకుండా రాశావు."

వాళ్లిద్దరూ హిందీలో మొదలుపెట్టి, ఇంగ్లీషులోకి పోయి, ఏదైనా గట్టిగా అనాల్సి వస్తే వల్లరి తెలుగులోకి దిగేవాళ్లు.

"మా వాళ్లలో ఆడది మొగుడింటికి పోదు సర్. మొగుడే ఆడదాని ఇంటికి వస్తాడు. అందులోనూ నేను ఆఖరి కూతుర్ని. అమ్మ ఇల్లు నాది, అమ్మను చూసుకోవడం నా పని. నీ క్వార్టరు నిలబెట్టడానికి నేను నీ ఇంటికి ఎలా వస్తాను? మా మామయ్యను అడగాలని నీకు తెలుసా?"

"తెలీదు," అన్నాడు మేజరు.

"ఇంకోటి. కాగితంలో ఇల్లుంది, బడుంది, పిల్ల ఉంది. నేను ఎక్కడున్నాను?"

"మూడో దారిలో…"

"అక్కడున్నది ఆయా. నీకు రెండేళ్లకి ఆయా కావాలంటే చెప్పు, మా చిన్నమ్మ కూతురు ఉంది."

మేజరు మీట నొక్కాడు. వదిలాడు. మళ్లీ నొక్కాడు. నా బ్యాటరీలు ఖర్చవుతున్నాయి, మాట మాత్రం రావడం లేదు.

చివరికి తెలుగులో అన్నాడు. "ఆదివారం నువ్వు మీ అమ్మ దగ్గరికి వెళ్లిపోతావు కదా. నాకు ఆదివారాలు నచ్చవు."

తీగలో పెన్సిలు గీకిన చప్పుడు.

"ఇది కాగితంలో లేదే," అంది బన్రి.

"దీనికి పేరా దొరకలేదు."

"ఆరు మార్కులు. పాస్," అని ఆమె పెట్టేసింది.

పద్దెనిమిదిన సీతారత్నం గారు దిగింది. గౌహతి దాకా రైలు, అక్కడినుంచి బస్సు. నోట్లో విజయనగరం, ఒంటి మీద మూడు శాలువాలు. అల్లుడు పెళ్లి సంగతి చెప్పగానే చేతిలో కాఫీ గ్లాసు కింద పెట్టేసింది.

"ఏటి బాబూ, మన జాతి కాదు, మన భాష కాదు, ఆ ముక్కు, ఆ కళ్లు… నన్ను చూసి 'నువ్వు ఎప్పుడొచ్చావు' అందయ్యా! అరవయ్యేళ్లదాన్ని!"

"వల్లరి దగ్గర నేర్చుకుంది అత్తయ్యగారూ."

"అయితే పిల్లకే బుద్ధి చెప్పాల," అని విసురుగా లోపలికొచ్చి మనవరాలి మంచం మీద కూర్చుంది. కూర్చుని ఏడ్చింది. ఆవిడ బాధ ముక్కూ కళ్లూ కాదని నాకు అప్పుడే అర్థమైంది. ఎదురుగా మాట్లాడ్డం ఇష్టంలేక, నా పిడి పట్టుకుని తిప్పింది.

"ఇదిగో అమ్మాయ్. ఒకటే అడుగుతాను. నువ్వీ ఇంట్లో దిగితే మా ఇందు సంగతి పిల్లకి చెప్తావా, తుడిచేస్తావా?"

అవతల కాగితాలు తిరగేస్తున్న చప్పుడు వినిపించింది.

"రోజూ వల్లరి నాకు వాళ్ల అమ్మ గురించి ఒక మాట చెప్పాలి. అప్పుడే నేను కథ చెబుతాను. అది మా రూలు. నేను రాసుకుంటాను. నూట నాలుగు ఉన్నాయి. అమ్మకు చింతపండు ఇష్టం. అమ్మకు ఈల వేయడం వచ్చు. పాపకు నాలుగేళ్లప్పుడు పోయింది కదా, ఇంక గుర్తు లేవు. మూడు నెలల నించి చెప్పినవే చెబుతోంది. మిగతావి నీకు తెలుసు. నువ్వు చెప్పు, నేను రాస్తాను."

సీతారత్నం గారు నన్ను చెవికి ఇంకా గట్టిగా అదుముకుంది.

"ఈల… నేను తిట్టేదాన్ని. ఆడపిల్ల ఈలేటని."

ఆ వారమంతా నాకు చేతినిండా పని. సాయంత్రం అయ్యేసరికి ఆవిడ పిడి తిప్పేది, అవతల బన్రి పెన్సిలు పట్టుకునేది, ఇవతల వల్లరి అమ్మమ్మ ఒళ్లో పడుకుని వినేది. ఇందుమతి గంటస్తంభం దగ్గర సైకిలు నేర్చుకుంటూ జిలేబీ కొట్లోకి దూరిపోయింది. ఇందుమతి లెక్కల్లో సున్నా తెచ్చుకుని దాన్ని ఎనిమిదిగా దిద్దింది. పదకొండేళ్ల బంగాళాదుంపల తర్వాత నేను మోసిన మొదటి మంచి సరుకు అది.

ఆదివారం అందరూ బన్రి అమ్మ ఇంటికి బయల్దేరారు. నన్ను వదిలి రానని వల్లరి పట్టుబట్టి ఒళ్లో పెట్టుకుంది. అలా నేనూ పెళ్లిచూపులకు వెళ్లాను.

ఆ ఇంట్లో మాట మేనమామది. పెద్దాయన, పొట్టి మనిషి, పైపు కాలుస్తూ ఎవరినీ పలకరించకుండా అందరినీ చూశాడు. ముందు బన్రి అమ్మ తట్టలో ఆకు, సున్నం, పచ్చి వక్క తెచ్చి సీతారత్నం గారికిచ్చింది. ఆవిడ ముఖం విచ్చుకుంది. రెండు చేతులా అందుకుని, కళ్లకద్దుకుని, లేచి నిలబడింది.

"తాంబూలం ఇచ్చేశారు, పుచ్చుకున్నాను. ఇంక మాట మార్చకూడదు. మా అల్లుడిని మీకు ఇల్లరికం ఇస్తన్నాం."

బన్రి నెత్తి కొట్టుకుంటూ దాన్ని ఖాసీలోకి మార్చింది; ఆ పూటంతా అటు మాట ఇటు, ఇటు మాట అటు మార్చడం ఆమె పనే. పెద్దాయన పైపు నోట్లోంచి తీసి గదంతా అదిరేలా నవ్వాడు.

"మా ఇంటికి ఎవరొచ్చినా వక్కాకు ఇస్తామమ్మా! ఈ లెక్కన పోస్టుమాన్ నాకు అల్లుడు. పాలవాడూ అల్లుడే."

సీతారత్నం గారు కూర్చోలేదు. "మాకు మాత్రం మాటంటే మాటే," అంది.

పెద్దాయన నవ్వు ఆపాడు. అంతదాకా వల్లరిని పట్టించుకోనివాడు ఇప్పుడు ఆ పిల్ల వైపు తిరిగాడు. తర్వాత మేజరు వైపు.

"పరాయివాళ్లు మా పిల్లల్ని చేసుకుని, బదిలీ రాగానే వదిలిపోయిన కథలు నాకు చాలా తెలుసు. నువ్వు కొండల్లోకి పోతావు. ఈ పిల్ల ఏ ఇంటిని మా ఇల్లు అంటుంది? ఈ రెండేళ్లేనా? ఆ తర్వాతా?"

మేజరు దగ్గర ఆ రోజు కాగితం లేదు. "ఈ ఇంటినే," అన్నాడు. "నేను కూడా."

"వంట వచ్చా?"

"ఉప్మా."

పెద్దాయనకు అదేమిటో తెలీలేదు. తట్టలోంచి ఒక వక్కాకు తీసి మేజరు చేతిలో పెట్టాడు. "సరే. ఇది పోస్టుమాన్‌కి ఇచ్చేది కాదు. మీ పద్ధతిలో ఇచ్చింది."

బన్రి అప్పుడు మొదటిసారి ఆయన్ని సర్ అనలేదు. "తినేయ్ బాహ్, చూస్తావేం," అంది. బాహ్ అంటే అన్నా అనో, అయ్యా అనో, వాళ్ల ఊళ్లో పెద్దమనిషిని పిలిచే పిలుపు. పచ్చి వక్క నమిలేసరికి మేజరుకు తల తిరిగి చెమటలు పట్టాయి. జుట్టు మాత్రం సర్దుకున్నాడు.

పెళ్లయ్యాక వల్లరితోపాటు నేనూ నా కవలా బన్రి అమ్మ ఇంటికి మారాం. రెండేళ్లు పోస్టులో ఉండి మేజరు తిరిగొచ్చాడు. ఆ ఇంటికే వచ్చాడు. తర్వాత ఎక్కడికి బదిలీ అయినా సెలవుకు వచ్చింది ఆ ఇంటికే. రిటైరయ్యాక వంటింట్లో ఉప్మా కలుపుతూ ఉండిపోయింది కూడా అక్కడే. ఆ ఇంటి పై అంతస్తులో నేను, కింద వంటింట్లో నా కవల, ఇరవై ఆరేళ్లు పనిచేశాం. సీతారత్నం గారు ఏటా రెండు నెలలు వచ్చేది. బన్రి చేత ఆవిడ 'మీరు' అనిపించలేకపోయింది.

ఇప్పుడు నేను ఒక సైనిక మ్యూజియంలో అద్దాల పెట్టెలో ఉన్నాను. వల్లరి పెద్దదై, నన్ను తనే ఇచ్చింది. కవలను మాత్రం ఇవ్వలేదు. అది ఇంకా వంటింట్లోనే ఉంది. నా ముందు ఒక చీటీ పెట్టారు: 'ఫీల్డ్ టెలిఫోన్. ఎత్తైన పర్వత ప్రాంతాల్లో పదకొండేళ్ల సేవ.' అంతే. మిగతా ఇరవై ఎనిమిదేళ్లు నేనేమీ చెయ్యలేదని వాళ్ల ఉద్దేశం. వచ్చిన పిల్లలు ఇందులో గేములు ఉండవా అని అడిగి వెళ్లిపోతారు.

పోయిన నెలలో ఒక ముసలి జంట వచ్చింది. ఆయన చేతికర్ర పట్టుకుని వచ్చి నా ఎదుట ఆగాడు. చీటీ చదవలేదు. చాలాసేపు నా పిడి వైపే చూశాడు. తర్వాత మిగిలిన నాలుగు తెల్ల వెంట్రుకలనూ అరచేత్తో మెల్లగా వెనక్కి దువ్వుకున్నాడు.

పక్కనున్నావిడ నవ్వింది.

"బాహ్, ఇవతలే ఉన్నాను. ఇటు చూడు."