బాగానే ఉందండి

మా ఆయనతో నాకొచ్చిన చిక్కల్లా ఒక్కటే. డాక్టరు ఎదురుగా కూర్చుంటే చాలు, ఆయనకి ఒంట్లో బాగుంటుంది.

ఆయనది మిరపకాయల గోడౌనులో హమాలీ పని. బస్తా వీపున వేసుకుని లారీకి ఆనించిన చెక్క ఎక్కేసరికి రొమ్ము పట్టేసేది, ఎడమ చెయ్యి లాగేది. బస్తా దించి కాసేపు నిలబడితే తగ్గిపోయేది. "ఘాటుకేలే" అనేవాడు. ఇరవై ఏళ్లుగా ఆ ఘాటులోనే బతికినవాడికి ఇప్పుడు కొత్తగా పడకుండా పోయిందా?

బ్రాడీపేటలో జయరావు డాక్టరుగారు గుండెను కాగితం మీద గీసే మిషను తెచ్చారని విని, 1962 ఎండాకాలంలో తీసుకెళ్లాను. డాక్టరు దగ్గరికి వెళ్లడమంటే ఈయనకి పెళ్లికి వెళ్లినట్టే. పని మానేశాడు, తలంటుకున్నాడు, చాకలి మడత లుంగీ కట్టాడు, రిక్షా ఎక్కాడు. అక్కడ రెండు గంటలు బెంచీ మీద చల్లగా కూర్చున్నాడు. "ఎలా ఉంది రంజానూ?" అని డాక్టరుగారు అడిగితే చేతులు కట్టుకుని, "తమరి దయవల్ల బాగానే ఉందండయ్యా" అన్నాడు. పెద్దవాళ్ల ముందు బాగాలేదనడం మర్యాద కాదట. పడుకోబెట్టి, వైర్లు తగిలించి కాగితం తీశారు. అందులో తేడా ఏమీ లేదు. గ్యాసన్నారు. నెల తరవాత మళ్లీ వెళ్లాం. మళ్లీ తలంటు, మళ్లీ దయ, మళ్లీ గ్యాసు. నాకు ఒళ్లు మండిపోయింది.

"నెప్పొచ్చేది చెక్క మీదయ్యా. మంచం మీద పడుకుంటే వాళ్లకెట్టా కనపడిద్ది?" అన్నాను.

"అయ్యగారి ముందు ఏడవమంటావా?" అన్నాడు.

మూడో నెలలో ఇక అడగలేదు. గోడౌను నుంచే, చెమట బట్టలతోనే లాక్కెళ్లాను. ఆస్పత్రి పక్కనే మేడమెట్లున్నాయి. మా వంతు వచ్చేముందు "ఎక్కి దిగు" అన్నాను. నా మొహం చూసి ఎదురు చెప్పలేదు. మూడోసారి ఎక్కుతూ నాలుగో మెట్టు మీద గోడ పట్టుకుని ఆగిపోయాడు. మొహం పాలిపోయి చెమటలు కారుతున్నాయి. చేతులారా చంపుకుంటున్నానేమోనని కేకేశాను. కాంపౌండరు అంకమ్మరావు, నేను చెరో రెక్కా పట్టుకుని మిషను దగ్గరికి చేర్చాం.

జయరావుగారు ఈసారి కాగితాన్ని చాలాసేపు చూశారు. మా ఆయన నాలిక కింద చిన్న మాత్ర పెట్టించారు.

"గుండెకి రక్తం తీసుకెళ్లే నాళం పూడుకుపోతోందమ్మా. దాన్ని తెరిచే వైద్యం మన దగ్గర లేదు. ఆరు వారాలు మంచం దిగనివ్వకు. ఇక బస్తా అన్న మాటే వద్దు. ఇలా మెట్లెక్కించడం ప్రమాదం, తెలుసా?"

"తెలుసండి. ఎక్కకపోతే తమరికి కనపడటంలేదు మరి," అన్నాను.

మాత్ర కరిగాక డాక్టరుగారు మా ఆయన వైపు వంగి, "ఇప్పుడెలా ఉంది రంజానూ?" అన్నారు.

"తమరి దయవల్ల బాగానే ఉందండయ్యా," అంటూ పడుకునే చేతులు కట్టుకోబోయాడు. వైర్లు అడ్డొచ్చాయి.

డాక్టరుగారు నా వైపు తిరిగారు. "నువ్వు చెప్పమ్మా," అన్నారు.

మూడు నెలల్లో ఆ మాట నన్ను ఎవరూ అడగలేదు. "బాగాలేదండి," అన్నాను. అంత కోపమూ ఎటు పోయిందో, ఏడుపొచ్చేసింది.