అల్లుడు పెట్టిన తరవాణి

గోదావరి జిల్లాల్లో అల్లుడి హోదా ఒకసారి వచ్చిందంటే ఇక ఆకలి అనే మాట మర్చిపోవాల్సిందే. భీమవరంలో ఐసు ఫ్యాక్టరీ నడుపుతున్న ఉదయభాస్కర్ ఇరవై రెండేళ్లుగా ఆ హోదా అనుభవిస్తున్నాడు. పెనుగొండ దగ్గర పల్లెలో ఉన్న అత్తగారింటికి వెళ్లినప్పుడల్లా బెల్టు ఒక రంధ్రం వదులు చేసుకుని తిరిగి రావడమే. వండేది అత్తగారు అచ్చాయమ్మ. వడ్డించేది ఆవిడ కూతురు, అంటే అతని భార్య దుర్గాశ్రీ. అచ్చాయమ్మ మాత్రం వంటింటి గుమ్మం చాటున నిలబడి, "బాబుగారికి ఇంకో గారె వెయ్యవే" అని చెబుతూ ఉండేది. ఆవిడ తినగా అతను ఒక్కసారైనా చూశాడా అంటే, లేదు. అల్లుడి ఎదుట కూర్చుని అన్నం తినడం ఆవిడ పుట్టి పెరిగిన ఇంటి పద్ధతి కాదు.

అలాంటి అచ్చాయమ్మకి డెంగీ జ్వరం వచ్చింది. వారం రోజులు ఆసుపత్రిలో ఉంచి, తర్వాత భీమవరంలో తమ ఇంటికే తీసుకొచ్చారు. జ్వరం పోయింది గానీ, పోతూ పోతూ నోటి రుచిని కూడా వెంటబెట్టుకుని పోయింది. ఇడ్లీ పెడితే పిండి నమిలినట్టుందంది, జావ ఇస్తే చేదంది. పాలు చూస్తేనే కడుపులో తిప్పింది. మంచం మీద ఆవిడ రోజురోజుకీ చిక్కిపోతుంటే దుర్గాశ్రీకి కాళ్లూ చేతులూ ఆడటం లేదు. గురువారం నాడు డాక్టరుగారు తేల్చి చెప్పేశారు. ఆదివారానికల్లా తిండి మొదలవకపోతే మళ్లీ చేర్పించి, ముక్కులోంచి గొట్టం వేయాల్సిందే.

ఆయన వెళ్లాక అచ్చాయమ్మ కూతుర్ని దగ్గరికి పిలిచి, "తరవాణి అన్నమైతే రెండు ముద్దలు దిగుతాయేమోనే" అంది.

తరవాణి అంటే పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. గంజి, బియ్యం కడిగిన నీళ్లు రోజూ ఒక మట్టికుండలో పోస్తూ పులియబెడతారు. ఆ పుల్లటి నీళ్లలో అన్నం నానబెట్టుకుని పొద్దున్నే తింటారు. ఒకప్పుడు ఈ డెల్టాలో ఆ కుండ లేని ఇల్లు లేదు. ఇప్పుడు ఊరికి ఒకటో రెండో మిగిలాయి. అచ్చాయమ్మ కుండ ఆవిడ ఇంట్లోనే ఉంది, పక్కింటి మాణిక్యాంబ రోజూ గంజి పోసి చూసుకుంటోంది. దుర్గాశ్రీ బడిలో టీచరు, ఉన్న సెలవులన్నీ అయిపోయాయి. అందుకని ఉదయభాస్కరే శుక్రవారం పొద్దున్న వెళ్లి, కుండను కారు ముందు సీట్లో కూర్చోబెట్టి, దానికి సీటు బెల్టు కట్టి మరీ తెచ్చాడు.

తెచ్చినవాడు ఊరుకున్నా బాగుండేది. మూత తీశాడు. గుప్పున పులిసిన వాసన, పైన తెల్లగా తెట్టు. అతను టౌన్లో పుట్టి పెరిగినవాడు, తరవాణి పేరు విన్నాడే గానీ దాని ముఖం ఎప్పుడూ చూడలేదు. పైగా ఐసు వ్యాపారి. చెరువులో పట్టిన రొయ్య చెడకుండా చూడటమే అతని బతుకు. పులుపు వాసన ముక్కుకు తగిలితే చాలు, ఎక్కడో సరుకు పాడైపోతోందని ప్రాణం కొట్టుకుంటుంది. జబ్బు మనిషికి ఈ కుళ్లు నీళ్లా అనుకుని మొత్తం పెరట్లో పారబోశాడు. గిన్నెలు తోమే సబ్బుతో కుండను మూడుసార్లు రుద్ది, ఎండలో బోర్లించి, మంచి పని చేశాననుకున్నాడు.

నాలుగింటికి బడి నుంచి వచ్చిన దుర్గాశ్రీ పెరట్లోకి చూసి ఆగిపోయింది.

"ఏవండీ, కుండ అలా బోర్లించి ఉందేంటి?"

"కడిగాను. లోపలంతా పాడైపోయింది."

ఆమె వెళ్లి కుండ ఎత్తి వాసన చూసి, మళ్లీ అలాగే బోర్లించింది. నాలుగు మాటలు అనేసి ఉంటే అతనికి కాస్త తేలికగా ఉండేది.

"అది పాడవడం కాదండి. తరవాణి అలాగే ఉంటుంది," అంది చివరికి. "అమ్మ కాపురానికి వచ్చిన వారంలో మా నానమ్మ తన కుండలోంచి తోడు పోసి ఇచ్చిందట. నలభై తొమ్మిదేళ్లుగా ఆ తోడు పోనివ్వలేదు. మట్టికుండ సబ్బు తాగేస్తుందండి. ఇంక అందులో ఏం పోసినా సబ్బు వాసనే."

ఉదయభాస్కర్‌కి తల కొట్టేసినట్టయింది. చేతులు కాలాక ఆకులు పట్టుకుని లాభం లేదంటారు. అతను ఆకులు పట్టుకోలేదు, కారు తాళాలు పట్టుకున్నాడు.

"మళ్లీ ఎక్కడికి?"

"మీ ఊరికే. పాడు చేసింది నేను, మళ్లీ చేసేదీ నేనే. నువ్వు కలగజేసుకోకు."

మాణిక్యాంబ సంగతంతా విని నవ్వు ఆపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వడం అయ్యాక లోపలికి వెళ్లి గ్లాసుతో పుల్లనీళ్లు తెచ్చింది.

"పొద్దున కోతకొచ్చిన వాళ్లకి పెట్టేశానండి బాబూ, అడుగున ఇంతే మిగిలింది. తోడుకి సరిపోద్ది. ఇది కూడా మా అచ్చాయమ్మక్క పోసిన తోడేనండి, మీరు దిగులు పడకండి. ఒకళ్ల కుండ పోతే ఇంకొకళ్ల దగ్గరుంటుందనేగా ఈ ఇచ్చిపుచ్చుకోవడాలు."

తర్వాత ఏం చేయాలో ఒక్కొక్కటే చెప్పింది. కొత్త కుండలో ముందు గంజి కాచి పారబోస్తే మట్టివాసన పోతుంది. మళ్లీ పోసిన గంజి గోరువెచ్చగా అయ్యాక తోడు కలపాలి. ఒక దబ్బాకు, రెండు వాము ఆకులు వేసి, మూతికి గుడ్డ కట్టాలి. ఊరికే తీసి తీసి చూడకూడదు. ఉదయభాస్కర్ అంతా ఫోన్లో రాసుకున్నాడు. దబ్బాకులు మాత్రం ఆవిడే తన చెట్టువి కోసి ఇచ్చింది.

కారెక్కబోతుంటే ఆవిడ దగ్గరికొచ్చి గొంతు తగ్గించింది. "అయినా అల్లుడు చేసి పెడితే మా అక్క తినదండి. ప్రాణం మీదికొచ్చినా తినదు. అమ్మాయి చేసిందని చెప్పేయండి."

"అబద్ధం ఎందుకండి. తింటారు," అన్నాడు. అంత ధీమా ఎక్కడినుంచి వచ్చిందో అతనికే తెలియదు.

దారిలో కొత్త కుండ కొన్నాడు. చెప్పింది చెప్పినట్టు చేశాడు, ఒక్కటి తప్ప. కుండను తీసుకెళ్లి ఏసీ గదిలో పెట్టాడు. చల్లగా ఉంచితే లోకంలో ఏదైనా బాగుంటుందని అతని నమ్మకం. శనివారం పొద్దున ముక్కు దగ్గర పెట్టుకుని చూస్తే ఉత్త గంజి వాసన. మాణిక్యాంబకి ఫోన్ చేశాడు.

"ఏసీలో పెట్టారా? అది రొయ్య కాదండి బాబూ. వెచ్చగా ఉంచండి."

మిగిలింది ఒక్కరోజు. కుండను వంటింట్లో పొయ్యి పక్కకి చేర్చి, చుట్టూ గోనెపట్టా చుట్టి, ముందు పీట వేసుకుని కూర్చున్నాడు. ఫ్యాక్టరీలో మోటారు ఆగిందని మూడుసార్లు ఫోన్ వచ్చింది. మెకానిక్కుని పిలుచుకోమన్నాడే గానీ పీట మీంచి లేవలేదు. లోపల గదిలో అచ్చాయమ్మ కొబ్బరినీళ్లు కూడా వద్దంది. దుర్గాశ్రీ ఆసుపత్రికి సంచి సర్దడం మొదలుపెట్టింది. ఆ సంచి చూసినకొద్దీ అతనికి పట్టుదల పెరిగింది. సాయంత్రానికి గుడ్డ కిందినుంచి సన్నగా పుల్లటి వాసన తగిలింది. నిన్న ఏ వాసనకి ప్రాణం కొట్టుకుందో, ఇవాళ దానికే లేచి వచ్చింది. వెంటనే అన్నం వండి, చల్లార్చి, అందులో నానేశాడు.

ఆదివారం పొద్దున్నే ఆ అన్నం పళ్లెంలోకి తీసి, ఉప్పు వేసి, ఉల్లిపాయ తరిగి, పక్కన కాస్త మాగాయ పెట్టాడు. తను తీసుకెళ్తానన్న దుర్గాశ్రీని గుమ్మంలోనే ఆపేశాడు.

అల్లుణ్ని పళ్లెంతో చూసి అచ్చాయమ్మ కంగారుగా లేవబోయింది. లేవలేక, కొంగు మాత్రం సర్దుకుంది.

"మీరెందుకండి బాబుగారూ? అమ్మాయి లేదా?"

"ఉందండి. కానీ ఇది చేసింది నేనండి అత్తయ్యగారు." మంచం పక్కన పీట వేసుకుని కూర్చున్నాడు. "మీ కుండ నేను పాడు చేశాను. కుళ్లిపోయిందనుకుని సబ్బుతో తోమేశాను. మాణిక్యాంబగారి దగ్గర తోడు తెచ్చి ఇది చేశాను. మీరు తినేదాకా ఇక్కణ్నించి లేవను."

అచ్చాయమ్మ కళ్లు మూసుకుంది. కొనల్లోంచి నీళ్లు కారాయి. పోయిన కుండ కోసమో, ఈ మొండితనం చూసో అతనికి తెలియలేదు. సిగ్గుతో తల వంచుకున్నాడు గానీ కదల్లేదు.

"అల్లుడి చేత చాకిరీ చేయించుకుని తినడమేంటండి..." అంది ఆవిడ నీరసంగా.

"ఇరవై రెండేళ్లు మీ చేతి వంట తిన్నానండి. ఒక్క పూట నా చేతిది తినండి."

ఆవిడ ముఖం గోడవైపు తిప్పుకుంది. అలా తిప్పుకునే, చేత్తో ఇంత తీసుకుని నోట్లో పెట్టుకుంది. మెల్లగా నమిలింది. మింగింది. రెండో ముద్ద తీసుకుని సగంలో ఆగిపోయింది.

"ఉప్పు చాలలేదండి," అంది.

గోదావరి గడ్డ మీద అల్లుడికి ఎదురుగా వంక పెట్టిన అత్తగారు ఇంతవరకూ పుట్టలేదు. ఉదయభాస్కర్ పరుగున వెళ్లి ఉప్పు తెచ్చాడు.

"ఉల్లిపాయ ఇంత సన్నగా తరిగారేంటండి? పంటికి తగలద్దూ?"

"తగలాలండి."

"అన్నం కూడా కాస్త ఎక్కువే ఉడికింది."

ఒక్కో వంకకీ ఒక్కో ముద్ద లోపలికి వెళుతోంది. గుమ్మంలో వింటున్న దుర్గాశ్రీ హడలిపోయి, "అమ్మా, ఆయన్ని ఏంటే ఆ మాటలు" అంది.

"నువ్వుండు," అన్నాడు ఉదయభాస్కర్. "ఆవిడ నోటికి ఉప్పు తెలిసింది."

అచ్చాయమ్మ గోడవైపు నుంచి ఇటు తిరిగి, ఖాళీ పళ్లెం అతని ముందుకు చాపింది.

"ఇంకాస్త పెట్టండి. ఈసారి సరిగ్గా కలపండి."