పావు చెంచా

మంగళవారం సాయంత్రం మా మనవరాలు నా బ్లాగుకు కొత్త బట్టలు తొడిగింది. అది పుస్తకాలకు పేజీలు కట్టే ఆఫీసులో పనిచేస్తుంది. నా పళ్ళ వంటల పేజీలు చూస్తుంటే సంతలో నిలబడినట్టుందట. ఎర్రరంగు, లావు అక్షరాలు తీసేసి, సన్నటి బూడిదరంగు అక్షరాలు పెట్టింది.

“ఇప్పుడు చూడమ్మమ్మా, ఎంత గాలాడుతోందో.”

“ఆ గాలికి అక్షరాలే ఎగిరిపోయేట్టున్నాయే,” అన్నాను. అంతకుమించి ఏం చెప్పను? బడి మొహం చూడనిదాన్ని. పొట్లాల కాగితాలు విప్పి చదువుకున్నదాన్ని.

గురువారం పొద్దున గానీ నా గుండె జారలేదు.

మూడేళ్ళుగా నా పేజీ చదివే ఒకావిడ ఉంది. పేరు తెలియదు. బొమ్మ స్థానంలో పళ్ళబుట్ట పెట్టుకుంది కాబట్టి మా ఇంట్లో ఆవిడ పళ్ళబుట్టే. నన్ను వదినా అంటుంది. ఏది చేసినా ఆ సాయంత్రమే వచ్చి ఎలా కుదిరిందో రాస్తుంది. మంగళవారం మధ్యాహ్నం ఇలా రాసింది: “రేపు మా ఆయన పుట్టినరోజు వదినా. నీ పాకం పియర్‌పళ్ళే చేస్తా. పొడి కొట్టి సీసాకెత్తా. ఎంత వెయ్యాలో రేపు నీ పేజీ చూసుకుంటాలే.”

బుధవారం దాటిపోయింది. ఆవిడ రాలేదు.

కళ్ళజోడు మీద భూతద్దం పెట్టుకుని ఆ పేజీ తెరిచాను. పైన కాస్త పెద్ద బూడిదరంగు అక్షరాల్లో ‘మసాలా పొడి – ఒక సీసా’ అని ఉంది. దాల్చినచెక్క, లవంగాలు, మూడు జాజికాయలు కలిపి దంచితే వచ్చేది అంత. ‘నాలుగు పళ్ళకు పావు చెంచా చాలు, జాజికాయ మితిమీరితే ప్రాణం మీదికొస్తుంది’ అని నేను ఎర్రగా రాయించిన మాట అడుగున దుమ్ములా కనబడింది.

సీసా మొత్తం కుమ్మరించేసిందా? ఆయనకు పెట్టి, తనూ తిన్నదా?

వెంటనే “ఆ పొడి వెయ్యకు, నాకు రాయి” అని కొట్టాను. జవాబు లేదు. మనవరాలికి ఫోన్ చేశాను.

“ఏదో పనిలో ఉండుంటుందమ్మమ్మా. నువ్వు గోరంత దాన్ని కొండంత చేస్తావు.”

“మీ చిన్నమ్మమ్మ చనిపోయే ముందురోజూ నేను జామ్ సీసా మూత బిగిస్తూ, రేపు మాట్లాడదాంలేవే అన్నాను. ఆ రేపు రాలేదు.”

“సెలవు పెట్టి వస్తున్నా,” అంది.

వచ్చి చెప్పులైనా విప్పకుండా కూర్చుంది. అక్షరాలు లావు చేసి, నలుపు దిద్ది, పావు చెంచా మాటను ఎర్రగా అన్నిటికంటే పైన పెట్టింది. “పెద్ద తప్పే చేశాను,” అంది చిన్నగా. ఇప్పుడు దానికీ భయం పట్టుకుంది. ఇక ఓదార్చేవాళ్ళు లేరు.

శుక్రవారం పదింటికి పళ్ళబుట్ట కనబడింది.

“ఏంటి వదినా, చచ్చాననుకున్నావా? నీ పేజీలో బొమ్మలు తప్ప ఒక్క ముక్క కనబడి చావలేదు. నా కళ్ళే పోయాయనుకుని నిన్న పొద్దంతా కంటి డాక్టరు దగ్గర కూర్చున్నా. మా ఆయనకి బజారు కేకే గతైంది. మొహం గంటు పెట్టుకుని తిన్నాడులే. సీసా మూత కూడా తియ్యలేదు. ఇవాళ అక్షరాలు గుమ్మడికాయల్లా ఉన్నాయి. ఇదిగో, పొయ్యి వెలిగిస్తున్నా.”

మనవరాలు నా భుజం మీద తల వాల్చి నవ్వింది, ఏడ్చింది. నాకు రెండూ రాలేదు. అక్షరాలు కనబడనందుకే ఆవిడ బతికింది. ఇప్పుడు కనబడుతున్నాయి. పొయ్యి వెలిగింది.

“నవ్వులు తర్వాతే,” అన్నాను. “ఆ పేజీ మొదటి నుంచి గట్టిగా చదువు. ఇంకే తప్పైనా ఉందేమో నేను వేలు పెట్టి చూస్తాను.”