ఎనిమిదో గడి

పదిన్నరకే అది పదకొండో ఫోను. "సార్, పరిశోధన విభాగం నుంచి. మీ రిజిస్ట్రేషన్ గడువు ఇవాళ ఐదింటికి అయిపోతోంది. పొడిగింపు ఫారం తెచ్చివ్వండి. తర్వాత నన్ను అనకండి." చేతిలో జాబితా, చెవికీ భుజానికీ మధ్య ఫోను. ఆ విభాగంలో గుమాస్తాగా పందొమ్మిదేళ్లుగా ఇదే వరస కావడంతో ఫోను లేనప్పుడు కూడా ఆమె మెడ కాస్త ఎడమకే వాలి ఉంటుంది. విశ్వవిద్యాలయంలో అందరూ ఆమెను గడువక్క అంటారు. ఎదురుగానే అంటారు, ఆమె పలుకుతుంది కూడా.

జాబితాలో ఫోను చేయనక్కర్లేని పేరు ఒకటుంది. అది ఆమెదే. సిబ్బంది కూడా పిహెచ్‌డి చేసుకోవచ్చని నిబంధన వచ్చిన కొత్తలో, ఏడేళ్ల కిందట, ఎగిరి గంతేసి చేరింది. అంశం, ఉద్యోగం చేసే ఆడవాళ్లకు దొరికే తీరిక. నూట పన్నెండు మందిని అడిగి సమాధానాలు రాసుకుంది. మూడు అధ్యాయాలు పూర్తిచేసింది. నాలుగోది మొదలుపెట్టాక అత్తగారు మంచాన పడ్డారు, కూతురు పెద్ద పరీక్షలకు వచ్చింది, ఆఫీసులో ఇద్దరి పని ఒక్కరి నెత్తిన పడింది. తీరిక మీద పరిశోధనకే తీరిక దొరకలేదంటే వినేవాళ్లకు నవ్వొస్తుంది గానీ, ఆమెకు మాత్రం ఎప్పుడూ నవ్వు రాలేదు.

ఇంకొక్క ఏడాది పొడిగింపు ఉంది. ఆ తర్వాత ఇక లేదు. ఫారం సొరుగులోనే ఉంది. గైడు మేడం వారం కిందటే సంతకం పెట్టి, "మిగతాది నువ్వే నింపుకో, నీకు నేను చెప్పాలా" అన్నారు. అన్నీ నింపింది. ఎనిమిదో గడి ఒక్కటే ఖాళీ. 'గత సంవత్సరంలో చేసిన పని' అని ఉంటుంది అక్కడ.

మధ్యాహ్నం, ఆమె ఫోను అందుకున్న లెక్చరరు ఒకాయన ఆయాసపడుతూ వచ్చాడు. జుట్టుకు రంగేసి నెల దాటినట్టుంది, పాపిట దగ్గర తెల్లబడింది. ఆయన ఫారంలోనూ ఎనిమిదో గడి ఖాళీయే.

"ఏం రాయమంటారు మేడం? నిజం చెప్పాలంటే ఆ కాగితాలు ముట్టుకుని ఏడాదైంది."

"నిజం ఎవరడిగారు సార్. నేను చెప్తా, రాసుకోండి. సమాచార సేకరణ పూర్తయినది. విశ్లేషణ జరుగుచున్నది."

"జరగట్లేదు కదండీ?"

"మీ బుర్రలో జరగట్లేదూ? అదే. అయినా ఈ గడి ఎవరూ చదవరు."

ఆయన తేలికపడి, దణ్ణం పెట్టి వెళ్లాడు. కానీ ఆమె చెప్పింది అబద్ధం. ఆ గడి చదివే మనిషి ఒకరున్నారు. పందొమ్మిదేళ్లుగా ప్రతి ఫారంలోనూ ఆమే చదువుతూ ఉంది.

మూడింటికి భర్త ఫోను చేశాడు.

"ఇచ్చేశావా?"

"ఇస్తాలెండి."

"రెండు ముక్కలు గిలికి పడెయ్. పుచ్చుకునేది కూడా నువ్వే కదా."

"అదేనండీ నా బాధ."

నాలుగున్నరకు ఫారం బయటికి తీసింది. 'నాలుగవ అధ్యాయము' అని రాసి ఆగింది. ఆ రెండు మాటల తర్వాత ఏం రాసినా, కింద 'పరిశీలించడమైనది' అని ముద్ర గుద్ది పొడి అక్షరాలు వేయాల్సింది తనే. వందల మంది చేత రాయించిన మాట తన చేత రాయించలేకపోయింది. అది నిజాయితీ అని ఆమె కూడా అనుకోలేదు. వచ్చే ఏడాదీ ఇలాగే గడుస్తుందన్న భయం అది. ఐదు దాటాక గడువు ముగిసినవారి పట్టికలో తన నంబరు కూడా వరసలో టైపు చేసింది.

పట్టికకెక్కినవాళ్లు లైబ్రరీలో తమకిచ్చిన బల్ల ఖాళీ చేసి తాళంచెవి అప్పగించాలి. ఎవరికైనా వారం టైమిస్తుంది ఆమె. తను మాత్రం అప్పుడే వెళ్లింది.

"రేపిద్దురుగాని లేండక్కా," అన్నాడు లైబ్రరీ గుమాస్తా.

"రేపంటే మళ్లీ నాకు నేనే ఫోను చేసుకోవాలి."

అతను నవ్వాడు. ఆమె నూట పన్నెండు మంది కాగితాలూ సంచిలో సర్దుకుని, తాళంచెవి ఇచ్చి, మెట్లు దిగింది. సగంలో ఏడుపొచ్చింది. ఎవరూ లేరు గనక సంచి కింద పెట్టి ఏడ్చింది. పేరు ముందు రావాల్సిన 'డా.' అనే అక్షరం పోయినందుకు కాదు, తను పిలిస్తే పరుగెత్తుకొచ్చిన వాళ్లందరిలాగా తన కోసం తను ఒక్కసారైనా పరుగెత్తనందుకు.

పైన గుమాస్తా ఆ బల్ల తుడిచి, ఇంకొకరి పేరు చీటీ అంటించాడు. కుర్చీలో ఒక దూది దిండు ఉండిపోయింది. గంటల తరబడి కూర్చోవాలి కదా అని, చేరిన వారమే కూతురి పాత గౌను గుడ్డతో ఆమె కుట్టుకున్న దిండు అది. ఏడేళ్లయినా ఎక్కడా అణగలేదు.