పచ్చి సబ్బు

బట్టలు కుట్టే ఆమెను వీధిలో అందరూ మైకక్క అంటారు. మైకు అక్కర్లేని గొంతు ఆమెది. మన వీధిలో తయారైన సబ్బు మనమే కొనాలి, మన డబ్బు మన మధ్యే తిరగాలి అని ఇల్లిల్లూ తిరిగి ఊదరగొట్టింది. జనం కదిలారు. మూలింటి వదిన కొబ్బరినూనెతో సబ్బులు చేసి బల్ల మీద పెట్టడమే ఆలస్యం, ఖాళీ.

కానీ ఆ సబ్బు నీళ్లు తగిలితే చాలు, జావలా కారిపోతోంది. అందరూ మొహమాటానికి కొని బీరువాలో పడేస్తున్నారు, కంపెనీ సబ్బుతో ఒళ్లు తోముకుంటున్నారు. మైకక్కా అంతే. చెప్పేవి నీతులు, స్నానాల గదిలో దొంగతనం! పాపం వదినకు ఇదేమీ తెలియదు. అమ్మకాలు చూసి మురిసిపోయి, చేస్తున్న ఉద్యోగం మానేస్తానంటోంది. రేపు జనానికి మొహమాటం తీరిపోతే ఆమె గతేం కాను?

మైకక్క కత్తెర పక్కన పడేసి లేచింది. వెళ్లేసరికి వదిన అచ్చుల్లోంచి సబ్బులు తీస్తోంది.

"వదినా, తిడితే తిట్టు. నీ సబ్బు బాగాలేదు. కొని మూల పడేస్తున్నాం. నేను కూడా."

వదిన మొహం మాడిపోయింది. ఆ మూల పడేసినదాన్నే తెచ్చి చూపించమంది. తెస్తే ఏముంది, రాయిలా గట్టిపడి ఉంది. కుళాయి కింద రుద్దితే మోచేతుల దాకా నురగ.

వదిన నెత్తి కొట్టుకుంది. సబ్బు నెల పైగా గాలికి ఆరాలని ఆమెకు తెలియక కాదు. ఎగబడి అడుగుతుంటే కాదనలేక పచ్చివే ఇచ్చేసింది. వీళ్లు కొన్నదీ మొహమాటానికే, ఆమె అమ్మిందీ మొహమాటానికే!

"మైకూ, మీరు ఎగబడి కొని నన్ను ముంచారే," అంటూ వదిన పొట్ట పట్టుకుని నవ్వింది.

"ఆరేదాకా నీ బల్ల దగ్గరికి ఎవరొస్తారో చూస్తాను. కాళ్లు విరగ్గొడతాను."

అన్నంత పనీ చేసింది. కొనండని తిరిగిన గడపలకే మళ్లీ వెళ్లి, ఆగండని అరిచింది. మనవాళ్లు కదా అని కొంటే సరిపోదు, వాడాలి. బాగోకపోతే మొహం మీదే చెప్పాలి. బాగుచేసుకునే వ్యవధి ఇవ్వాలి. అంత ఓపిక లేకపోతే అది కొనడం కాదు, ముష్టి వేయడం.

సబ్బులు ఆరాయి, అమ్ముడయ్యాయి, బీరువాల్లో కాదు, ఒళ్ల మీద అరిగాయి. వదిన ధైర్యంగా ఉద్యోగం మానేసింది. ఆ వారమే ఎదురింటి డ్రైవరు వచ్చి, సబ్బు బాగుంది గానీ వాసన చాలడం లేదని నిష్ఠూరమాడాడు.

వదిన ఆనందం పట్టలేక అతనికి కుర్చీ వేసి టీ ఇచ్చింది.