ఊకె రాసిపెట్టు

జయప్రకాశ్ మీద పుష్పలతకు ఉన్న ఫిర్యాదు ఒక్కటే. ఆయన మరీ బాగా మాట్లాడతాడు. ఇల్లందు గనుల్లో ఎవరు రిటైరైనా మైకు పట్టుకోవాల్సింది యూనియన్ నాయకుడైన ఆయనే. ఆయన సన్మానపత్రం చదువుతుంటే మెడలో దండ పడ్డ మనిషి కళ్లు తుడుచుకుంటాడు, వెనక వరసల్లో బిర్యానీ కోసం చూసేవాళ్లు కూడా కాసేపు ఆకలి మరిచిపోతారు. అంతటి వక్తకు ఇంట్లో మాత్రం "ఉప్పు తక్కువైంది" కన్నా పెద్ద వాక్యం రాదు. మైకులో చదివేవన్నీ భార్య పుష్పలతే గ్యాసు పొయ్యి పక్కన నిలబడి రాస్తుంది.

"పుష్పా, ఊకె ఉన్నవ్ గదా, జల్ది నాలుగు ముక్కలు రాసిపెట్టు" అంటాడు.

ఆ 'ఊకె'కు వాళ్ల వైపు రెండు అర్థాలు. పనేమీ లేకుండా అని ఒకటి, ఏమీ పుచ్చుకోకుండా అని ఇంకొకటి. రెండూ ఒకే మనిషికి అతికేట్టు ఈ మాటను కుట్టినవాడు పెళ్లయిన మగవాడే అయ్యుంటాడని పుష్పలతకు గట్టి అనుమానం.

ఊకె ఉన్న మనిషి తెల్లారకముందే లేస్తుంది. మొదటి షిఫ్టుకు టిఫిను కట్టి, అత్తగారు పిచ్చమ్మకు బీపీ గోలీ ఇచ్చి, బొగ్గు దుమ్ము పట్టిన బట్టలను వేరే బకెట్‌లో నానబెడుతుంది. ఎంత ఉతికినా ఆ నీళ్లు నల్లగానే వస్తాయి. ఈలోపు పక్కింటి వాళ్ల పెళ్లికార్డు, ఎదురింటాయన సెలవు దరఖాస్తు, ఎవరో పోతే ఫ్లెక్సీ మీదకు రెండు లైన్లు. అన్నం ఉడికే లోపు ఒక మనిషి జీవితమంతా రాసేయడం ఆమెకు అలవాటైపోయింది. సన్మానపత్రం చివర్న 'ఇట్లు, కార్మిక మిత్రులు' అని అచ్చవుతుంది. డిగ్రీలో తెలుగు మెయిన్‌గా చదువుకున్న తన పేరు ఎక్కడైనా కనిపించిందంటే అది రేషన్ కార్డులోనే. కోపం వస్తే బాగుండునని అప్పుడప్పుడూ అనుకుంటుంది. కోపానికి కూడా కొంచెం ఓపిక మిగలాలి కదా.

ఆ మిగలని ఓపికతోనే ఎవరికీ చెప్పకుండా హైదరాబాదులో యూనివర్సిటీ వాళ్లు రచన మీద పెట్టిన ఎమ్మేకు దరఖాస్తు చేసింది. చెల్లెలింటికని చెప్పి ఇంటర్వ్యూకు వెళ్లింది. ఇప్పటిదాకా ఏం రాశారని అక్కడి మేడమ్ అడిగితే, "మా దగ్గర రిటైరైన వాళ్లందరి జీవితాలూ" అంది. నవ్వారు. మరి వాళ్ల భార్యల గురించి ఏం రాశారని అడిగారు.

"సహధర్మచారిణి సహకారంతో" అంది పుష్పలత. "ప్రతిసారీ అంతే రాశానండీ. అందుకే వచ్చాను."

ఈసారి ఎవరూ నవ్వలేదు. సీటు వచ్చింది. సోమవారం చేరాలి.

ఇంట్లో చెప్పిన రోజు జయప్రకాశ్ చెయ్యి కంచంలోనే ఆగింది. "రాసుడు గూడ ఒక పనేనా? ఊపిరి దీసుకునుడు ఎవరన్న కాలేజిల నేర్పుతరా? అది సదివితే నౌకరేమొస్తది?"

ఆమె ఓపిగ్గా చెప్పింది. బడి పుస్తకాలకు, రేడియోకు, ప్రకటనలకు, సినిమాలకు, ఫోన్లో చూసే సీరియళ్లకు అన్నిటికీ ఎవరో ఒకరు కూర్చుని రాస్తారని, అది ఉద్యోగమని.

గుమ్మం దగ్గర ఎల్లిపాయలు ఒలుస్తున్న పిచ్చమ్మ తలెత్తింది. "రాసేటోళ్లకు జీతమిస్తరానే?"

"ఇస్తారత్తమ్మా."

"మరి నీకు ఎవ్వరియ్యలేదేంది?"

"ఇంట్ల రాసినదానికి జీతమేందే అమ్మా" అన్నాడు జయప్రకాశ్. "సరే గని, ఆదివారం జంపయ్యన్న రిటైర్మెంటు. పత్రం రాసిపెట్టు."

"ఈసారి మీరే రాసుకోండి" అంది పుష్పలత, కంచాలు తీస్తూ. "ఊపిరి తీసుకున్నంత పనే కదా."

ఆదివారం కమ్యూనిటీ హాలు నిండిపోయింది. స్టేజీ మీద జంపయ్య, పక్కన కొత్త చీరలో ఆయన భార్య నాగక్క. జయప్రకాశ్ గంభీరంగా మొదలుపెట్టాడు. మొదటి వాక్యానికే పుష్పలత గుర్తుపట్టింది. కిందటేడు రిటైరైన వెంకటనారాయణ కోసం తను రాసిందే. పేర్లు మార్చి తెచ్చాడు. నవ్వొచ్చింది గానీ, తర్వాత ఏమొస్తుందో గుర్తొచ్చి కుర్చీ అంచుకు జరిగింది.

"ముగ్గురు ఆడబిడ్డలను కంటికి రెప్పలా పెంచి, అందరి పెళ్లిళ్లూ ఘనంగా చేసి..."

జంపయ్యకూ నాగక్కకూ పిల్లల్లేరు. భద్రాచలం రామయ్య దగ్గర మొక్కని మొక్కు లేదని హాల్లో అందరికీ తెలుసు. నాగక్క తల వంచుకుని కొంగు అంచు సరిచేసుకోసాగింది. ఒకరి కోసం ప్రేమగా రాసిన వాక్యం ఇంకొకరి చెంప మీద ఇట్లా పడుతుందని పుష్పలత ఎన్నడూ అనుకోలేదు.

జయప్రకాశ్‌కు అప్పటికి అర్థమైంది. కాగితం తిప్పాడు, మళ్లీ తిప్పాడు. ఇంట్లో మంచం మీంచి అడిగినట్టే మైకులో అడిగాడు. "పుష్పా, ఈడ ఏముండాలె?"

హాలంతా ఆమె వైపు తిరిగింది. అక్కడ ఏముండాలో ఆమెకు తెలుసు. కూర్చున్న చోటి నుంచే అందిస్తే ఆయన అందుకుంటాడు, చప్పట్లు పడతాయి, పొద్దున్న బకెట్‌లో బట్టలు నానుతాయి. పుష్పలత లేచింది. అందివ్వలేదు. మెట్లెక్కి వెళ్లి మైకు తనే తీసుకుంది.

"జంపయ్యన్న ఏ షిఫ్టుకూ ఆకలితో పోలేదు" అంది. "ఎందుకంటే నాగక్క రోజూ ఆయన కన్నా ముందు లేచింది. మరుదులను చదివించింది, మంచాన పడ్డ అత్తకు అన్నం తినిపించింది. అన్నకు కంపెనీ ఇవాళ సెలవిచ్చింది. రేపు పొద్దున నాగక్క మళ్లీ లేవాలి. ఆమెకు దండ ఎవరు వేస్తారో, ఏ రోజు వేస్తారో నాకు తెలియదు. అందుకే ఇవాళే చెప్తున్నా."

నాగక్క తలెత్తింది. "అవ్ బిడ్డా" అంది, మైకుకు వినపడేట్టు. "నాకు రిటైర్మెంటు ఎన్నడని ఈనె ఒక్కపారి గూడ అడగలె."

ఆడవాళ్ల వైపు నుంచి నవ్వు మొదలై హాలంతా పాకింది. జంపయ్య తన మెడలోని దండ తీసి, ఏం చేయాలో తోచక, చేతిలో పట్టుకుని నిలబడ్డాడు.

పుష్పలత మైకును స్టాండుకు పెట్టి మెట్లు దిగింది. పొద్దున్నే హైదరాబాద్ బస్సు. బ్యాగు సర్దడమే మిగిలింది, ఆయన ఏమన్నా సరే.

వెనక మైకు కీచుమంది. జయప్రకాశ్ గొంతు సవరించుకుని ఆగాడు. మళ్లీ సవరించుకున్నాడు. రాసిచ్చినవాళ్లు లేక మాటలు ఒక్కొక్కటే వచ్చాయి.

"నాగక్కా, అది ఎంకటనారాయణన్న కోసం రాసింది. పేర్లు మార్చి తెచ్చిన. మాఫ్ చెయ్." కాసేపు కాగితాన్ని చూశాడు. "రాసింది గూడ నేను గాదు. ఇన్నేండ్లు ఈడ నేను సదివినయన్ని మా పుష్ప రాసినయే. రాసుడు గూడ ఒక పనేనా అని ఇంట్ల అన్న."

కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"గట్ల అన్నది తప్పు."