కామాకు పది స్టార్లు

లైబ్రరీల్లో పుస్తకాల రాకపోకలు చూసుకునే ఉచిత ప్రోగ్రాము ఒకటి ఎనిమిదేళ్ళుగా నేనొక్కదాన్నే నడుపుతున్నాను. దాని కోడు అందరికీ తెరిచే ఉంటుంది. ఎవరైనా తప్పు దిద్ది పంపవచ్చు, నేను చూసి సరేనంటే అందులో కలుస్తుంది. ఎవరైనా అన్నాను గానీ ఒక్కరూ నిలవరు. నాకేమో ఏడో నెల. పురుడొచ్చాక దాన్ని చూసే దిక్కు లేదని బెంగ పట్టుకుంది.

"స్టార్లివ్వు వదినా," అంది మా ఆడపడుచు. తను మూడో తరగతి టీచరు. "మా పిల్లలు స్టార్ కోసం బల్లలు కూడా తుడుస్తారు."

"వాళ్ళు పిల్లలు. వీళ్ళకి గడ్డాలున్నాయి."

"ఉంటే ఏం, గడ్డాలున్నవాళ్ళకి స్టార్లు చేదా?" అంటూ తనే కూర్చుని నియమాలు రాసింది. దిద్దుబాటు పంపితే చాలు, పది. కొత్తవాళ్ళకు మర్యాదగా జవాబిస్తే ఐదు, కసిరితే ఐదు కోత. అందరి పేర్లూ ఒక పట్టికలో కనిపిస్తాయి.

వారం తిరక్కుండా జనం ఎగబడ్డారు. ఒకాయన సహాయం పేజీలో కామా పెట్టాడు, పది. ఇంకొకాయన దాన్ని తీసేశాడు, పది. మొదటాయన మళ్ళీ పెట్టాడు. ఆ ఒక్క కామా మీదే చెరో నూట నలభై సంపాదించారు. మూడో మహానుభావుడు సోమవారం ఒకటి చెడగొట్టి, మంగళవారం తనే బాగుచేసి, బుధవారం పతకం ఎప్పుడిస్తారని అడిగాడు. వీళ్ళకి జవాబులు రాయలేక నా తలప్రాణం తోకకొచ్చింది. ఎలాంటి జవాబులు రాశానో చెప్పక్కర్లేదు.

"లిస్టు చూశావా వదినా?" అంది ఆడపడుచు, నవ్వాపుకుంటూ.

అరవై మూడు మందిలో నేను అరవై మూడోదాన్ని. మైనస్ రెండు వందల పది. ఒళ్ళు మండిపోయింది.

నా పైన సున్నాతో ఒకావిడ ఉంది. స్టార్లు వద్దని ముందే చెప్పి, ఒకే ఒక్క దిద్దుబాటు పంపింది. తెరిచి చూశాను. గడువు రోజు సెలవైతే పుస్తకం ఆలస్యమైనట్టు చూపే తప్పు అది, ఆరేళ్ళుగా నాకు లొంగనిది. పదకొండు లైన్లలో తేల్చేసింది. లైబ్రేరియనట. కింద నంబరుంటే వెంటనే ఫోన్ చేసి స్పీకర్లో పెట్టాను.

"ఇన్నాళ్ళూ ఎక్కడున్నారండీ?"

"ఇక్కడే ఉన్నానమ్మా. నాలుగేళ్ళ కిందట ఒకసారి పంపాను. ముందు కోడు చదవడం నేర్చుకుని రండి అని రాశారు మీరు." ఆమె గొంతులో కోపం లేదు. "నేర్చుకున్నాను. తీరా చూస్తే అప్పుడు రాసిందే సరిగ్గా ఉంది. దాన్నే మళ్ళీ పంపాను."

పాత ఉత్తరాల్లో వెతికితే దొరికింది. అవే పదకొండు లైన్లు. నేను తెరవను కూడా లేదు. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

"తప్పు నాదండీ," అన్నాను. ఆ మాట నా నోట ఎన్నడూ వినని ఆడపడుచు కుర్చీ దగ్గరికి లాక్కుంది. "పురుడొచ్చేలోగా దీన్ని మీ చేతుల్లో పెడతాను. చూసుకుంటారా?"

"చూసుకుంటాను. కానీ కొత్తవాళ్ళకి జవాబులు నేనే రాస్తాను. మీరు తిరిగొచ్చాక కూడా."

నేను నోరు తెరిచేలోగా, నన్ను అడగనైనా అడక్కుండా, ఆడపడుచు సరేనండీ అనేసింది.